పేడనీళ్ళ కుండ

బొంజన్నకు వేట అబ్బలేదు. అలాగని సోంబ్రు తాత నేర్పినవి రాలేదని కాదు. ఉచ్చు ముడి వెయ్యడం వచ్చింది. గాలి ఎటు వీస్తోందో చూసుకుని పొదలో దాక్కోవడం వచ్చింది. అడవికోడి ఆకులు కెలికిన చోటు చూసి, అది పొద్దున వచ్చిందో నిన్న వచ్చిందో చెప్పడం కూడా వచ్చింది. కదలకుండా కూర్చోవడం ఒక్కటే రాలేదు.

అడవికోడి దగ్గర ఆ ఒక్కటీ రాకపోతే మిగతావన్నీ వచ్చినా దండగే.

ఆ కొండ ఊళ్ళో చైత్రమాసం రాగానే మగవాళ్ళు తొలివేటకు వెళ్తారు. సాయంత్రం వాళ్ళు తిరిగి వచ్చే వేళకు ఆడవాళ్ళు ఊరి మొదట్లో పేడనీళ్ళ కుండలు పెట్టుకుని కాచుకుని ఉంటారు. చేతిలో వేట ఉన్నవాడికి దారి ఇస్తారు. ఉత్త చేతులతో వచ్చినవాడు మోకాళ్ళ మీద కూర్చోవాలి. పెళ్ళాం వచ్చి నెత్తిన కుండ బోర్లిస్తుంది. పెళ్ళికానివాళ్ళకు వదినలు ఉండనే ఉన్నారు. అందరూ నవ్వుతారు. పోయించుకున్నవాడు కూడా నవ్వాలి.

బొంజన్న వరసగా రెండేళ్ళు నవ్వాడు. రెండో ఏడు నవ్వు తెచ్చుకోవడానికి చాలా కష్టపడ్డాడు. చుట్టుపక్కల కొండల్లో సోంబ్రును మించిన వేటగాడు లేడు, ఆయన శిష్యుడిగా ఒప్పుకున్నది ఇతన్నొక్కణ్ణే. "తాత పేరు బాగా నిలబెడతన్నావురా" అన్నారు తోటివాళ్ళు. ఒంటికి అంటిన పేడ ఏట్లో మునిగితే పోయింది. ఆ మాట మాత్రం ఏడాది పొడుగునా కంపు కొడుతూనే ఉంది.

మూడో ఏడు బయల్దేరుతుంటే అతని భార్య బుద్రి గుమ్మం దాకా వచ్చింది.

"ఈ పాలి పేడ తగ్గించి కలుపుతానులే. నీల్లే ఎక్కువ పోత్తాను" అంది.

ఆటపట్టించడానికే అంది. కానీ అనేసి తల పక్కకు తిప్పుకుంది. కిందటేడు ఆమె అతని నెత్తిన కుండ పోసి, అందరితో పాటు నవ్వి, ఇంటికి వచ్చాక అన్నం ముట్టలేదు. బొంజన్న అది మరిచిపోలేదు.

ఊరి చివర సోంబ్రు నిలబడి ఉన్నాడు. తన దీమపు పుంజును తెచ్చి శిష్యుడి చంకలో పెట్టాడు. అది పెంపుడు కోడి. అడవిలో దాన్ని ఒక చోట కట్టేస్తే కూత పెడుతుంది. తన జాగాలోకి ఎవడో దూరాడని అడవిపుంజు పోట్లాటకు పరిగెత్తుకొస్తుంది. వచ్చి, చుట్టూ పన్నిన ఉచ్చుల్లో కాలు పెడుతుంది. ఆ దీమాన్ని సోంబ్రు సొంత కొడుక్కి కూడా ఏనాడూ ఇవ్వలేదు.

"మరి నీకో, తాతా?"

"నాకు నోరుంది కదరా. నానే కూసుకుంటాను."

నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "పెట్ట పడితే ఒగ్గెయ్."

పెట్టను వదిలెయ్యాలన్నది శిష్యరికం మొదలైన రోజు చెప్పిన మాటే. చైత్రంలో అడవిపెట్టలు గుడ్లు పెడతాయి.

బొంజన్న వెదురుపొదల దగ్గర దీమాన్ని కట్టి, ఉచ్చులు పన్ని, పొదలో కూర్చున్నాడు. దీమం కూసింది. అవతలి గట్టు మీంచి అడవిపుంజు బదులు పలికింది. ఇది మళ్ళీ కూసింది. అది దగ్గరకొచ్చింది. ఎర్రటి జుట్టు, మెడ చుట్టూ పచ్చగా మెరిసే ఈకలు. ఇంకొక్క అడుగు వేస్తే చాలు. అప్పుడే ఒక ఎర్రచీమ అతని మెడ మీద కుట్టింది. చెయ్యి దానంతటదే లేచింది.

పుంజు ఎగిరిపోయింది. దీమం ఎంత కూసినా మళ్ళీ అటు నుంచి బదులు రాలేదు.

ఎండ వాలుతుండగా ఒక ఉచ్చు కదిలింది. బొంజన్న పరిగెత్తాడు. పెట్ట.

విప్పడానికే వంగాడు. వంగినప్పుడు పక్క పొదలో ఎండుటాకుల గూడు కనిపించింది. అందులో నాలుగు గుడ్లు ఉన్నాయి. అరచేతిలో పెట్ట గుండె దడదడ కొట్టుకుంటోంది. ఉచ్చు ముడి సగం వదులు చేశాడు. ఊరి మొదట్లో ఆడవాళ్ళు, మోకాళ్ళ కింద మట్టి, తల పక్కకు తిప్పుకున్న బుద్రి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి.

మెడ విరిచేశాడు.

తర్వాత చెయ్యవలసినవన్నీ చకచకా చేశాడు. చేతకానితనమంతా కూర్చోవడంలోనే గానీ దీనిలో లేదు. ఈకలన్నీ పీకి, మంట మీద కాల్చి, పుంజుకైతే పెద్ద జుట్టూ కాళ్ళకు ముళ్ళూ ఉండాలి కాబట్టి తలా పాదాలూ కోసి పారేశాడు. పొద్దుటి పుంజు లేచిపోయిన చోట ఒక పొడుగాటి తోక ఈక పడి ఉంది. దాన్ని తలపాగాలో దోపుకున్నాడు.

ఊరి మొదట్లో అతని చేతిలోని కోడినీ తలపాగాలోని ఈకనూ చూసి ఆడవాళ్ళు కేకలు పెట్టారు. బుద్రి తన కుండ ఎత్తి, ఉన్న పేడనీళ్ళన్నీ దారి పక్కన పారబోసింది. తల ఎత్తి అతని వైపు చూసింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె అతన్ని అలా చూడలేదు. బొంజన్న ఆ చూపు తట్టుకోలేక కోడి వైపు చూశాడు.

వేటగాళ్ళంతా అక్కడికి దగ్గర్లోనే ఉన్న పెద్ద బండ చుట్టూ చేరారు. కోసి వాటాలు వెయ్యడం సోంబ్రు పని. ఆయన తెచ్చిన పుంజు కూడా అక్కడే ఉంది. ఆయన కోస్తుంటే మిగతావాళ్ళు పొద్దుటి నుంచీ జరిగినవి చెప్పుకుంటున్నారు. ఒకడు అడవిపందికి భయపడి చెట్టెక్కాడు, గోచీ మాత్రం పంది దగ్గరే ఉండిపోయింది. "దాన్నయినా వేట కింద రాసుకోరా" అంటే "అది నాది గాదు, ఇప్పుడది పందిది" అన్నాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

"బొంజన్నా, నీది సెప్పు" అన్నారు.

మొదట తడబడ్డాడు. సగం నిజమే కాబట్టి తర్వాత తేలికైపోయింది. దీమం ఎలా కూసిందీ, అవతలి గట్టు మీంచి పుంజు ఎలా బదులిచ్చిందీ, దాని మెడ ఎండలో ఎలా మెరిసిందీ చెప్పాడు. ఇంతమంది తన మాట వినడం అతనికి అదే మొదలు. తనక్కూడా ఆ కథ బాగున్నట్టే అనిపించింది.

అతనికి ఎదురుగా సోంబ్రు కత్తి ఆగింది.

ఆయన బొంజన్న తెచ్చిన కోడి పొట్టలోంచి చెయ్యి తీశాడు. వేళ్ళ మధ్య గుడ్డు. ఇంకా పెంకు గట్టిపడలేదు, మెత్తగా ఉంది. అది ఇద్దరికే కనబడింది. సోంబ్రు పిడికిలి మూశాడు.



"సెప్పరా. తరవాత ఏటయింది?" అన్నాడు సోంబ్రు. గొంతులో కోపం లేదు.

"తరవాత... దగ్గరకొచ్చింది తాతా."

"ఊఁ."

"నాను కదల్లేదు."

"ఊఁ."

"సీమ కుట్టింది. అయినా... కదల్లేదు."

"అదిరా! శిష్యుడంటే అలగుండాలి" అని వెనక నుంచి ఎవరో అతని వీపు తట్టారు. బొంజన్నకు చెవులు మండిపోయాయి. నెత్తిన పేడ పోసినప్పుడు కలిగిన సిగ్గు దీని ముందు అసలు సిగ్గే కాదు. భూమి చీలి తనను మింగినా బాగుండుననిపించింది. అది చీలలేదు, వీపు తట్టడమూ ఆగలేదు.

సోంబ్రు ఎడం చేత్తో కత్తి పక్కన పెట్టి లేచాడు. నెమ్మదిగా నడిచి ఊరి మొదట్లోకి వెళ్ళాడు. ఆడవాళ్ళలో పెద్దది చిలకమ్మ, ఆమె కుండలో ఇంకా పేడనీళ్ళు ఉన్నాయి. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పొయ్యమ్మా" అన్నాడు.

"అదేటి తాతా? నీ పుంజు ఆ బండ మీద ఉంది గదా."

"ఈ ఏడు నా వేట ఉత్తదే. పొయ్యి."

ఏదో హాస్యమనుకుని కొందరు నవ్వారు. ఆయన లేవలేదు. ఆ ఊళ్ళో మోకాళ్ళ మీద కూర్చున్నవాణ్ణి కాదనకూడదు. చిలకమ్మ అటూ ఇటూ చూసి, ఇక తప్పక కుండ వంచింది. పేడనీళ్ళు నెరిసిన జుట్టు మీంచి, మీసాల మీంచి, ఛాతీ మీదికి కారాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. తడిసిన ముఖం తుడుచుకోవడానికైనా ఆయన పిడికిలి విప్పలేదు.

బొంజన్న లేచాడు. వెళ్ళి, ఆయన పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు. తలపాగాలోంచి ఈక తీసి నేల మీద పెట్టాడు.

"అది పుంజు గాదు. పెట్ట" అన్నాడు. అందరికీ వినబడేలా మళ్ళీ అన్నాడు. "పెట్ట. ఉచ్చులో బతికే ఉంది. నానే సంపేసినాను. ఈక దొరికిందంతే."

 బొంజన్న బలవంతాన తల ఎత్తి బుద్రి కేసి చూశాడు. ఆమె దారి పక్కన తను పారబోసిన తడి కేసి చూస్తోంది.  తర్వాత ఖాళీ కుండ చంకన పెట్టుకుని, అతని వైపు చూడకుండా పశువుల పాక వైపు నడిచింది.

సోంబ్రు పిడికిలి విప్పి గుడ్డును బొంజన్న అరచేతిలో పెట్టాడు. అంతసేపూ పిడికిట్లో ఉండి అది వెచ్చగా ఉంది.

"గూట్లో ఇంకా నాలుగున్నాయి తాతా" అన్నాడు బొంజన్న. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "మీ ఇంట్లో కోడి పొదుగుతోంది గదా. దాని కిందెడితే పిల్లలవుతాయి. పొద్దు గూకక ముందే ఎల్లి తెచ్చేత్తాను. ఇప్పుడే ఎల్తాను."

లేవబోయాడు. సోంబ్రు అతని భుజం మీద తడి చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

పాక వైపు నుంచి కుండలో పేడనీళ్ళు కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎల్దువు గానీ" అన్నాడు సోంబ్రు. "ముందు దాన్ని రానీ."