రాజుగారి కారులో దొరికినవి

బొంతలకోట జమీందారు నరసరాజుగారు ఆగిపోయిన తన పాత కారును పాత ఇనుము ధరకు జట్కా తోలే దాలయ్యకు అమ్మేశారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ కారు ఊరివాళ్లను ఎక్కించుకుని పట్నం వెళ్లిరావడం మొదలుపెట్టింది. రాజుగారి కొత్త కారు మెరక ఎక్కలేక రొప్పుతుంటే, పాతది హారన్ కొట్టుకుంటూ దాటిపోయేది. ఆ హారన్ వినబడితే చాలు, రాజుగారికి ముద్ద దిగేది కాదు.

చివరికి దాలయ్యను ఊరి పెద్దల ముందు నిలబెట్టారు.

"ఒరే, నా దగ్గర కదలని కారు నీ దగ్గర పరిగెడుతోందంటే, నాదేదో మంచి వస్తువు అందులో ఉండిపోయిందన్నమాట. నేను అమ్మింది కారును మాత్రమే. లోపల దొరికినవన్నీ నావే. అవి తెచ్చిస్తావా, కారు వదిలేస్తావా?"

కారు పోతే దాలయ్యకు కూడు పోయినట్టే. అయినా తొణకలేదు.

"న్యాయమే బాబూ. దొరికినవి ఇంకా పెరట్లోనే ఉన్నాయి, తెస్తానుండండి."

కాసేపటికి ఒక డబ్బా, ఒక గోనెసంచి తెచ్చి రాజుగారి ముందు పెట్టాడు. డబ్బా నిండా తారులా చిక్కబడిన ఇంజను ఆయిలు. సంచిలో గాలి గొట్టంలోంచి లాగిన ఎలుక గూడు, ప్లగ్గుల మీంచి గీకిన మసి, రేడియేటరులో పేరుకున్న బురద.

"మీవి ఇవే బాబూ. ఇవి బయటికొచ్చాకే కారు కదిలింది. మీ సొత్తు గనక, మీ కొత్త కారులో వేసుకుంటానంటే నేనే వేసిపెడతాను."

పెద్దలు కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజుగారు ఆ డబ్బా వంకే కాసేపు చూశారు. కారు తీసుకుపొమ్మని దాలయ్యకు చెయ్యి ఊపి, తన డ్రైవరును దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగారు:

"మన కారుకు ఆయిలు ఎప్పుడు మార్చావురా?"