అన్నం పెట్టని ఇల్లు

ఒక ఊళ్ళో ఇళ్ళ వాసాలు లెక్కపెట్టడానికి ఒక అధికారి ఉండేవాడు. ఆయన ఏనాడూ ఒక్క వాసమూ లెక్కపెట్టలేదు.

తప్పు ఆయనది కాదు. ఆ ఊరి చట్టం రెండు మాటలు చెప్పింది. ఎవరైనా అటకను గదిగా మార్చుకోవాలంటే అధికారి పైకెక్కి చూడాలి. దూలం బరువు మోస్తుందా, మనిషి తల వంచకుండా నిలబడగలడా, నిప్పంటుకుంటే బయటపడే కిటికీ ఉందా అని. ఇది మొదటి మాట. తిన్న ఇంటి వాసాలు ఎవరూ లెక్కపెట్టకూడదు. ఇది రెండో మాట. ఊరివాళ్ళు మొదటి మాట విని భయపడ్డారు, రెండో మాట విని పొయ్యి వెలిగించారు.

అధికారి గడపలో అడుగుపెట్టడమే ఆలస్యం, ఆకు పరిచేవాళ్ళు. పరిచిన ఆకు ముందు నుంచి లేచిపోవడం మర్యాద కాదు. మర్యాదస్థుడు కాబట్టి ఆయన తినేవాడు. తిన్నాడు కాబట్టి తలెత్తేవాడు కాదు. చివర్లో ఒక త్రేన్పు వచ్చేది. దాన్నే ఊరంతా అనుమతి అనుకునేది.

అలా ఊరు ఎత్తు పెరిగింది, అధికారి వెడల్పు పెరిగాడు.

ఆ ఊళ్ళో ఒక ఇల్లాలికి ఇద్దరు ఆడపిల్లలు, ఒక్కటే గది. రాత్రయితే ఒకదాని కాళ్ళు పొయ్యి దగ్గర, రెండోదాని తల ధాన్యం బస్తాల సందున. వాళ్ళ కోసం మొగుడు అటక మీద పలకలు పరిచాడు, కిటికీ పెట్టాడు, మెట్లు కట్టాడు. ఇక త్రేన్పు ఒక్కటే తరువాయి.

"రేపు అధికారి వస్తాడు. బూరెలు వండవే," అన్నాడు.

"వండను."

"పోనీ, పులిహోర?"

"మంచినీళ్ళు కూడా ఇవ్వను."

"నీకేమైనా పిచ్చా? దూలం నేను చూశాను, గట్టిగానే ఉంది."

"మన ఇల్లు మీ కంటికి ఎప్పుడు గట్టిగా లేదండీ?"

పోయిన వానల్లో వీధి చివరి ఇంట్లో అటక గది మంచంతో సహా కిందికి దిగింది. ఆ వేళకు మంచం మీద ఎవరూ లేరు కాబట్టి ఊరు దాన్ని తమాషాగా చెప్పుకుంది. ఇల్లాలికి మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు అధికారి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ముక్కు ఎగబీల్చాడు. పోపు వాసన లేదు.

"ఎండ మండిపోతోందమ్మా."

"అవునండీ."

"గొంతు తడారిపోతోంది."

"వింటున్నానండీ."

తలుపు చాటు నుంచి మొగుడు చేతులు పిసుక్కున్నాడు. "కాస్త మజ్జిగైనా పొయ్యవే, పరువు పోతోంది!"

"పరువు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు," అంది ఇల్లాలు.

ఎదురుగా ఆకు లేకపోతే ఎటు చూడాలో అధికారికి తెలియదు. కాసేపు గోళ్ళు చూసుకున్నాడు. కాసేపు పిల్లిని చూశాడు. పిల్లి లేచి వెళ్ళిపోయింది. ఇక దిక్కులేక తల పైకెత్తాడు. వాసాలు కనపడ్డాయి. వేలు చూపించి, కొత్తగా మాటలొచ్చిన పసివాడిలా, "ఒకటి," అన్నాడు. ఆయనకే ఆశ్చర్యం వేసింది. అలా లెక్కపెట్టుకుంటూ మెట్లెక్కాడు. వెనకే ఎక్కబోయిన పిల్లల్ని ఇల్లాలు జడలు పట్టుకుని ఆపింది.

ఆయన అటక మీద అడుగుపెట్టాడు. ఊరంతా ఇన్నేళ్ళూ పెట్టిన గారెలూ బూరెలూ ఒక్కసారిగా ఆ దూలం మీద నిలబడ్డాయి. దూలం ఫెళ్ళుమంది. పలకల మధ్య నుంచి లావుపాటి కాలొకటి కిందికి దిగి గాల్లో ఊగింది. దాని చుట్టూ చెదల మట్టి జలజలా రాలింది.

పిల్లలు పకపకా నవ్వారు. ఇల్లాలు ఆ కాలినే చూస్తూ ఉండిపోయింది. చిన్నదానికి పరుపు వేద్దామనుకున్న చోటు సరిగ్గా అదే.

"అమ్మా, ఇది కూడదు!" అని పైనుంచి కేక వినపడింది.

ఇల్లాలు గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలింది. "బతికించారు బాబూ!" అని ఆ కాలికే దణ్ణం పెట్టింది.

మొగుడు ఆ కాలిని కిందనుంచి పైకి నెడుతూ గొణిగాడు. "నేను తట్టి చూశానే. ఖంగుమందే."

"మీరు తడితే మోగింది. ఆయన నిలబడితే నిజం చెప్పింది."

దూలం మార్చారు. అధికారి మళ్ళీ వచ్చాడు. ఇల్లాలు మళ్ళీ ఏమీ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. వాసాలన్నీ లెక్కపెట్టాడు. అటక మీద అటూ ఇటూ నడిచాడు, ఎవరూ చూడటం లేదనుకుని ఒకసారి గెంతాడు కూడా. కిటికీలోంచి దూరి చూడబోయి ఇరుక్కున్నాడు. ఇంటివాళ్ళు తనను బయటికి లాగాక, కిటికీని పెద్దది చేయించాడు. ఆ పని కూడా ముగిశాక, "ఇక పిల్లల్ని పడుకోనివ్వండి," అన్నాడు.

అప్పుడు పరిచింది ఇల్లాలు ఆకు. బూరెలు, పులిహోర, గడ్డపెరుగు. ఆయన వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. ఆకలేసి తినడం ఆయనకు అదే మొదలు.

చెయ్యి కడుక్కున్నాడు కానీ కదల్లేదు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, మా ఇంట్లోనూ అటక మీద గది ఉంది. మా పిల్లలు పడుకునేది అందులోనే."

"ఎప్పుడూ చూసుకోలేదా అయ్యగారూ?"

"ఎలా చూసుకోను? రోజూ అక్కడే తింటానుగా."

ఇల్లాలు మొగుడి వంక చూసింది. మొగుడు నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

ముగ్గురూ వెళ్ళేసరికి అధికారి ఇంటి గుమ్మంలో ఆయన భార్య నవ్వుతూ ఎదురొచ్చింది. ఒక చేతిలో నీళ్ళ చెంబు, ఇంకో చేతిలో పళ్ళెం నిండా వేడివేడి అరిసెలు. "రండి వదినా, ముందు నోరు తీపి చేసుకోండి."

"పట్టుకెళ్ళు! ఆ పళ్ళెం లోపలికి పట్టుకెళ్ళు!" అని అధికారి వీధిలోంచే అరిచాడు.

ఆవిడ తెల్లబోయింది. ఇల్లాలు చెంగు నడుముకు దోపుకుని, అరిసెల వాసన దాటి లోపలికి నడిచి, తల పైకెత్తింది.

అధికారి అరుగు మీద కూలబడి, కాళ్ళు బారచాపుకుని, అటక మీంచి ఏ మాట వినపడినా సరేనన్నట్టు హాయిగా కళ్ళు మూసుకున్నాడు.