నీళ్ళు ముట్టని ఆముదాలమ్మ

ఘాట్ రోడ్డు మీద పదకొండో మలుపు దాటగానే, ఎడమవైపు రేకుల పందిరి కింద వెలసిన తల్లి ఆముదాలమ్మ. సగానికి విరిగి, పిడితో మిగిలిన వేటకత్తే అమ్మవారి రూపం. పసుపు, కుంకుమ, వేపాకు అన్నీ సమర్పించవచ్చు గానీ అభిషేకానికి నీళ్ళు మాత్రం పనికిరావు. ఆముదమే పొయ్యాలి. కొబ్బరికాయను కూడా బయటే కొట్టి, నీరు పారబోసి లోపలికి తేవాలి. ఈ క్షేత్రం ప్రస్తావన అష్టాదశ పురాణాల్లో ఎక్కడా లేదు. అవి పుట్టేనాటికి లారీలు లేకపోవడమే అందుకు కారణమని పెద్దలు చెబుతారు.

పూర్వం ఇక్కడ, ఘాట్ రోడ్డు కొత్తగా పడిన రోజుల్లో, బొంజన్న అనే కమ్మరి ఉండేవాడు. పాత బండిచక్రాల ఇనప పట్టాలు కోసి వేటకత్తులు చేసేవాడు. ఎర్రగా కాల్చిన కత్తిని కుండెడు నీళ్ళలో ముంచితే సుయ్‌మని పదునెక్కేది. పనిలో తన చేతిని మించిన చెయ్యి లేదని అతని నమ్మకం. ఆ చేతిని మినహాయిస్తే లోకంలో దేని మీదా అతనికి నమ్మకం లేదు. బొగ్గులు తెచ్చినవాణ్ణీ, కొలిమితిత్తి కుట్టినవాణ్ణీ ఒకే అనుమానపు కంటితో చూసేవాడు.

ఒక ఏడు లోయలో పడిన లారీని దాని యజమాని వదిలేసి పోయాడు. బొంజన్న దిగి, చక్రాల దగ్గరుండే కమాను పట్టీలు ఊడదీసి మోసుకొచ్చాడు. అంత గట్టి ఇనుము అతను ఎన్నడూ చూడలేదు. ఎప్పటిలాగే కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి, చైత్రమాసపు వేట పండగకు వేటగాళ్ళ పెద్ద దారన్నకు కత్తి చేసిచ్చాడు.

ఆ కత్తి అడవిపంది డొక్కలో దిగుతూనే పుటుక్కున విరిగింది. పంది దారన్న తొడ చీల్చిపోయింది. ప్రాణం దక్కింది గానీ కాలు కుంటుపడింది. పిడితో మిగిలిన సగం కత్తిని అతను కొలిమి ముందు విసిరికొట్టాడు.

“ఏట్రా బొంజా, నన్ను పందికి ఫలారం పెడదామనుకున్నావా?”

“నాను కత్తి బాగానే చేసినాను బావా. నువ్వే ఏ రాతిమీదో కొట్టుంటావు.”

“పంది డొక్కలో రాయెక్కడుందిరా! వచ్చే పండగకి ఇదే ఇనుముతో ఇంకో కత్తి చెయ్యి. పందికి ఎదురు నువ్వే నిలబడు. కత్తి నిలిస్తే ఊళ్ళో ఉంటావు. లేదంటే కొలిమి ఆర్పుకుని కొండ దిగిపో.”

ఊరంతా తలూపింది.

బొంజన్న మూడు కత్తులు చేసి, మూడింటినీ బండ మీద కొట్టి చూశాడు. మూడూ విరిగాయి. విరిగినచోట తలవెంట్రుకంత సన్నని చీలిక. దారన్న చిల్లంగి పెట్టించాడనుకున్నాడు. లారీ యజమాని శాపనార్థాలు పెట్టాడనుకున్నాడు. భార్య చిలకమ్మ నీళ్ళకుండలో ఏమైనా కలుపుతోందేమోనని ఒకరోజు పొద్దంతా పొదచాటున నక్కి కుండకు కాపలా కాశాడు. చీమలు కుట్టడం తప్ప మరేమీ జరగలేదు.

పండగ వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం జీలుగు కల్లు తాగి కునుకు తీస్తుంటే, విరిగిన కత్తి మీద ఒక ముసలమ్మ కూర్చుని కనిపించింది. ఒంటినిండా పగుళ్ళు.

“ఒళ్ళు కాలుతున్నదాన్ని పట్టుకెళ్ళి చన్నీళ్ళలో ముంచుతావురా? బండిపట్టా ఓర్చుకుంది. నాను ఓర్చుకోలేను. నాకు ఆముదం పొయ్యి” అంది.

మెలకువ వచ్చాక బొంజన్న మొదట ఆ కలను అనుమానించాడు. తర్వాత కల్లును అనుమానించాడు. సాయంత్రానికి గానీ ఆ అనుమానం తన చేతిదాకా రాలేదు. వచ్చాక ఇక కూర్చోలేక ఇంట్లోకి వెళ్ళి ఆముదం అడిగాడు.

“దీపానికి చుక్క లేక తడుముకుని తింటన్నాం, కత్తికి తాగిస్తావా మావా? పందిదాకా ఎందుకు, నానే చంపుతాను నిన్ను!” అంటూనే చిలకమ్మ పండగకు దాచిన ఆముదమంతా కుండలో ఒంపింది.

ఎర్రటి కత్తి ముంచగానే భగ్గుమని మంట లేచి బొంజన్న ఎడమవైపు మీసం పోయింది. కత్తి మాత్రం చీలలేదు. దానికి మళ్ళీ సన్నసెగ చూపించి బండ మీద కొడితే బండే పెచ్చు ఊడింది.

పండగనాడు ఒంటిమీసం బొంజన్న పందికి ఎదురు నిలిచాడు. పంది మీదికొచ్చింది. కత్తి పిడిదాకా దిగి, విల్లులా వంగి, మళ్ళీ తిన్ననైంది. పంది ఒరిగింది. వేటగాళ్ళంతా కేకలు పెట్టారు. దారన్న పెట్టలేదు. కుంటుకుంటూ వచ్చి కత్తి లాక్కుని, పక్కనున్న రాతిమీద మూడుసార్లు బలంకొద్దీ కొట్టాడు. కత్తి విరగలేదు.

“నమ్మినావా బావా?”

“నమ్మను. ఇంకోటి చెయ్యి, దాన్నీ కొడతాను. ఊళ్ళోనే ఉండు.”

మొదటి ఏడు పంది డొక్కలో విరిగిన ఆ సగం కత్తినే ఊరివారు ఇక్కడ ప్రతిష్ఠించారు. ఇప్పుడు చట్టం వేటను ఒప్పుకోదు. అమ్మ ఎదుట పుచ్చుకునే కత్తులు వెదురుకూ, కొండచీపుళ్ళ కోతకూ వెళుతున్నాయి. అయినా ప్రతి మంగళవారం కొనేవారు అమ్మ ముందు నిలబడి “నమ్మను” అని పైకి చెప్పి, కత్తిని మూడుసార్లు రాతిమీద కొట్టాకే తీసుకుంటారు. చేసినవాడు అంతసేపూ చేతులు కట్టుకుని నిలబడతాడు. మొహమాటానికి కొట్టకుండా తీసుకుపోవడం ఇక్కడ అపచారం. ఈ తల్లిని అనుమానంతో కొలిచినవారి చేతిలో కత్తి విరగదని, ఆ అనుమానానికి నిలబడినవాడి కొలిమి ఆరదని భక్తుల విశ్వాసం.