తలగడ కింద జొన్నరొట్టెలు

"వాణ్ణి బాగుచేయడం నా వల్ల గాదు బాబా. వెనక్కి పంపించేయండి," అన్నాడు జిలాని రొప్పుతూ వచ్చి.

కర్నూలు దాపున ఒక గుట్ట మీద సత్తార్ షా అనే ముసలి ఫకీరు ఉండేవాడు. తప్పుచేసి బాలుర హోములో పడిన కుర్రాళ్లను కోర్టువాళ్లు అప్పుడప్పుడూ ఆయన దగ్గరికి పంపేవారు. కొత్తవాడి మంచిచెడ్డలు అదే హోము నుంచి ముందు వచ్చినవాడు చూసుకోవాలి. అది అక్కడి పద్ధతి. అలా ఏసోబు జిలాని పాలబడ్డాడు.

ఏసోబు పూటపూటా తలగడ కింద రొట్టెలు దాచేవాడు. జిలాని కంటబడ్డవల్లా లాగి కోళ్లకు వేసి, ఆపైన నీతులు దంచేవాడు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరి ముందూ, "దొంగబుద్ధి పోలేదురా నీకు!" అనేశాడు. ఏసోబు పళ్లెం వదిలేసి లేచాడు. మూట కట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. అది దాటాడంటే మళ్లీ హోమే గతి.

ఫకీరు లేచాడు. పొయ్యి దగ్గరికి వెళ్లి తన వంతు వేడి జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టుకున్నాడు. ఏసోబు పక్క దగ్గర వంగి, తలగడ కింద ఇంకా మిగిలిన ఎండు రొట్టెలు తీసి, వేడివి అక్కడ పెట్టాడు. ఎండినవాటిని తన పళ్లెంలో వేసుకుని, పప్పులో నానబెట్టుకుని తినసాగాడు.

జిలాని చూస్తూ నిలబడిపోయాడు. హోములో పెద్ద కుర్రాళ్లు చేతిలో ముద్ద లాక్కునేవారు. ఆ భయంతో, ఇక్కడికి వచ్చిన కొత్తలో తనూ దాచాడు. ఎప్పుడు తీసినా తన రొట్టె మెత్తగానే ఉండేది. అదంతా గుట్ట మహిమ అనుకున్నాడు, వెర్రివాడు!

"బాబా... నావి కూడా మీరేనా?"

"నీవి మరీ రాళ్లు బేటా. అప్పుడంటే నాకు పళ్లుండేవి."

అప్పట్లో ఎవరి నోటి దగ్గర కూడు తిన్నాడో తెలిసి, జిలాని ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, పళ్లెంలోంచి ఒక ఎండు రొట్టె తీసుకుని గేటు దగ్గరికి నడిచాడు. ఏసోబు పక్కన చతికిలబడి దాన్ని కొరికాడు.

"నేనైతే నాలుగు దాచేవాణ్ణిరా తమ్ముడూ," అన్నాడు నములుతూ.

ఏసోబు మూట ఒళ్లోంచి దించి పక్కన పెట్టాడు.

"నాలుగా? చీమలు పట్టలేదా అన్నా?"