మంత్రి పట్టుకున్న దూడ

ముత్తెన్న నడిపే పశువైద్య పాఠశాల ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు. ఏడాదిలో మూడు ఆజ్ఞలు మారాయి. నాలుగోది మంత్రే తెచ్చాడు.

"కొత్త విధానం తేలేదాకా మీవాళ్లెవరూ పశువును తాకకూడదు!"

అప్పటికి ముత్తెన్న, ఈనలేక అల్లాడుతున్న ఆవు కడుపులో అడ్డం తిరిగిన దూడను సరిచేసి, దాని కాళ్లు పట్టుకుని ఉన్నాడు.

"చిత్తం దొరా. కానీ వదిలితే దూడ మళ్లీ లోపలికి జారి రెండు ప్రాణాలూ పోతాయి. ఆజ్ఞ మాకేగా, తమరికి కాదుగా! తేలేదాకా తమరు పట్టుకోండి."

ఊరంతా చూస్తుంటే మంత్రికి తప్పలేదు. ఆవు ముక్కింది. పట్టుబట్టలు తడిసిపోయాయి.

"ఇంకెంతసేపయ్యా?"

"మేమూ ఏడాదిగా తమర్ని అదే అడుగుతున్నాం దొరా."

"తేలిందయ్యా, తేలింది! పాఠశాల ఉంటుంది! గుమస్తా, రాసెయ్! ముత్తెన్నా, నువ్వు రా!"

ముత్తెన్న ఒక్క ఉదుటున అందుకున్నాడు. దూడ నేలమీద పడి తుమ్మింది. ఏడాదిలో మొదటిసారి ముత్తెన్న గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు.