పేజీ తిప్పిన గ్రంథపాలకుడు

తిన్నగా జవాబు చెప్పే అలవాటు పరదేశయ్య మాస్టారికి ఏనాడూ లేదు. బడుల్లో లైబ్రరీలు చూసుకునేవాళ్ళకు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పాత శిష్యులెవరైనా వచ్చి ఏదైనా అడిగితే "ఒకాయన ఉండేవాడు" అని అందుకుంటారు. ఆ ఒకాయన ఎక్కడివాడో, అసలు ఉన్నాడో లేడో అడిగి లాభం లేదు.

ఆ ఆదివారం హైమవతి వచ్చింది. ఆమె పనిచేసే హైస్కూల్లో లైబ్రరీని మార్చాలని పైవాళ్ళు తీర్మానించి, ఆ మార్పుకు ఆమెనే నాయకురాలిని చేశారు. బీరువాలు తెరిపించింది, గోడలకు రంగులు వేయించింది, బల్లలు గుండ్రంగా సర్దించింది. పిల్లలు మాత్రం రావడం లేదు. వేసవి సెలవుల లోపు గది నిండకపోతే దాన్ని స్టోర్ రూమ్ చేసేస్తానని హెడ్మాస్టరు తేల్చేశాడు.

"ఇంత చేసినా నా మాట ఎవరూ వినడం లేదు సార్. నాయకత్వమంటే ఇంకేం చెయ్యాలి?" అని అడిగింది.

మాస్టారు మజ్జిగ గ్లాసు ఆమె ముందు పెట్టి, భుజంగరావు అనే ఆయన సంగతి ఎత్తుకున్నారు.

భుజంగరావు గది తలుపు మీద 'గ్రంథపాలకుడు' అని బోర్డు ఉండేది. అందులో గ్రంథం మాట ఎలా ఉన్నా, పాలకుడన్న మాట ఆయన తలకెక్కింది. బీరువాలన్నిటికీ తాళాలు. పుస్తకం మీద పిల్లల చెయ్యి పడితే ఆయనకు ఒంటి మీద తేలు పాకినట్టుండేది. అయితే వచ్చేపోయేవాళ్ళు చూడడానికి ఒక కథల పుస్తకాన్ని బీరువా అద్దం వెనక తెరిచి పెట్టేవాడు. ఏడో క్లాసు నూకరత్నం రోజూ అన్నాల బెల్లు కొట్టగానే వచ్చి, ఆ రెండు పేజీలూ నిలబడి చదువుకుని వెళ్ళిపోయేది. నలుగురిలో నోరు పెగలని పిల్ల. భుజంగరావు అది కనిపెట్టాడు. మర్నాడు పొద్దున్నే తాళం తీసి ఒక పేజీ తిప్పి మళ్ళీ తాళం వేశాడు. ఆ మర్నాడూ అంతే. ఆ పిల్ల అడగలేదు, ఈయన చెప్పలేదు. తాను చేసిన ఉద్యోగమంతటిలో అసలు పని అదొక్కటేనని పాపం ఆయనకు తెలియదు.

ఇంతలో మార్పు వచ్చింది. తాళాలు తీయండి, పిల్లల్ని చదివించండి, మీరే ముందుండి నడిపించండి అన్నారు పైవాళ్ళు. భుజంగరావు కొత్త పెళ్ళికొడుకులా తయారయ్యాడు. తాళాలు తీశాడు. ప్రతి పిల్లా చదివిన పుస్తకం గురించి ప్రార్థన దగ్గర మైకులో చెప్పి తీరాలన్నాడు. నూకరత్నం వంతు వచ్చింది. గొంతు లేవలేదు. పిల్లలు గొల్లున నవ్వారు. ధైర్యం రావాలని, ఆ పిల్ల మంచికేనని, మాట వచ్చేదాకా ఆమెను వేదిక మీదే నిలబెట్టాడు. మర్నాడు కూడా నిలబెట్టాడు. మంచి చేస్తున్నానన్న నమ్మకం ఉన్నవాడికి జాలి కూడా అడ్డు రాదు.

ఆ ఏడాది చివర ఆయనకు శాలువా కప్పారు. జిల్లా మొత్తానికీ ఆయన పద్ధతే పెట్టారు. శాలువాతో ఇంటికి వెళుతుంటే దారిలో నూకరత్నం ఎదురైంది. ఈయన సంతోషంలో ఉన్నాడేమో, ఆపి పలకరించాడు.

"ఇప్పుడు బీరువాలన్నీ తీసే ఉన్నాయి కదమ్మా, రావడం మానేశావేం?"

ఆ పిల్ల తల వంచుకుని, కాలి బొటనవేలితో నేల గీస్తూ అంది. "అప్పుడు నేను పుస్తకంకేసి చూసేదాన్నండి. ఇప్పుడు అందరూ నాకేసి చూత్తన్నారండి."

మాస్టారు అక్కడితో ఆపేశారు. తన బడిలో సోమవారం నుంచి మైకు పెట్టించాలని హైమవతి కూడా ఇక్కడికి వచ్చేముందే అనుకుంది. ఆ మాట బయటికి రాకుండా మింగి, చివరికి మెల్లగా అడిగింది.

"ఆ తర్వాతైనా ఆయన మారారా సార్?"

మాస్టారు ఆమె ముఖంలోకి చూశారు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"నువ్వూ ఆయన సంగతే అడిగావమ్మా, ఆ పిల్ల సంగతి కాదు," అన్నారు.