దానయ్య చేతిలో ఎనిమిదుల జత

చెత్త ముక్కలొస్తే పారెయ్యడం దానయ్యకి తెలుసు. మంచి ముక్కలొస్తే పందెం పెంచడమూ తెలుసు. అటూ ఇటూ కాని జత వచ్చిందంటేనే ప్రాణం మీదికొచ్చేది. ఎదుటివాడు ఎంత పెంచినా తానూ అంత వేసి "షో! చూపించు" అనేవాడు. చూస్తే ఎక్కువసార్లు అవతల పెద్ద ముక్కలే ఉండేవి.

సముద్రం మీద వేట ఆపిన రోజులు. వలల పాకలో పడవ సరంగు కోర్లయ్య దగ్గర దానయ్య మూడుముక్కలాట నేర్చుకుంటున్నాడు. పందెం చింతగింజలే. కానీ కోర్లయ్య మాటంటే మాటే.

"ఈ పూట గింజలన్నీ పోగొట్టావా, రేపట్నించి నా చాప తొక్కకు" అన్నాడు పొద్దున్నే.

మధ్యాహ్నానికి దానయ్యకి గుప్పెడు గింజలు మిగిలాయి. చేతిలో ఎనిమిదుల జత. కోర్లయ్య పందెం పెంచాడు. షో అడగాలంటే ఆ గుప్పెడూ వెయ్యాలి.

దానయ్య గుప్పెడూ ఎత్తాడు.

"ఏటిరా ఆ తొందర?"

"ఉత్తి చేత్తో బెదిరిస్తే ఊరుకుంటానా తాతా? నిరుడు జాతరలో ఆ ఎర్రయ్యగాడు ఏమీలేని ముక్కలతో నాచేత రాజుల జత పారేయించాడు. ఆనక అందరికీ చూపించి ఇకిలించాడు. ఇంకెవడికీ లొంగనని అప్పుడే ఒట్టేసుకున్నాను."

కోర్లయ్య తన ముక్కలు బోర్లా పెట్టి లేచాడు. వచ్చి దానయ్య పక్కన చతికిలబడ్డాడు.

"అదేటి తాతా, లేచొచ్చేశావు?"

"నువ్వాడతన్నది ఎర్రయ్యతో కదా. మజ్జిన నేనెందుకని వాడికి చోటిచ్చాను. అడుగు షో."

దానయ్య ఎదురుగా ఉన్న ఖాళీ చాపకేసి చూశాడు. చూసి చూసి నవ్వొచ్చేసింది.

"వాడు పారాదీప్ పోయి ఏడాదవుతోంది తాతా!"

"అయితే ఆ గింజలు అక్కడికి పంపు."

ముసలాయన తిరిగి తన చోటికెళ్ళి కూర్చున్నాడు. దానయ్య ఆ పూట మొదటిసారి ఆయన ముఖంలోకి పరకాయించి చూశాడు. పొద్దున ఒకాటలో ఉత్తి చేత్తో పెంచి దొరికిపోయినప్పుడు ఆయన నోట్లో చుట్ట ఆరిపోయి ఉండడం గుర్తొచ్చింది. ఇప్పుడు నిప్పు ఎర్రగా మండుతోంది. తాపీగా పొగ వదులుతున్నాడు.

షో అడక్కుండా ఎనిమిదుల జత పారేశాడు దానయ్య.

కోర్లయ్య తన ముక్కలు కట్టలో కలపబోతూ ఆగాడు. "చూస్తావేటి?"

దానయ్య చెయ్యి సగం లేచింది. ఆ చేత్తోనే మిగిలిన గింజల్ని దగ్గరికి లాక్కున్నాడు.

"పంచు తాతా."

కోర్లయ్య కిసుక్కున నవ్వి ముక్కలు కలిపేశాడు.

"రేపు పెందలాడే రా."